వియ్యంకుడిచ్చిన వయ్యారిభామ

ఆ ఆదివారం పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున ఒక నల్లమబ్బు సూర్యుణ్ణి నోట్లో పెట్టుకుని, మింగలేక కక్కలేక, మేడల మీద అలాగే నిలబడి ఉంది. చివరికి నాలుగు చినుకులు రాల్చింది. పెరట్లో బోర్లించిన బిందె మీద నాలుగు చప్పుళ్లయ్యాయి. అంతే.

తాళాలాయన పెరటి గుమ్మంలో కూర్చుని ఒక పాత తాళంకప్పకు నూనె పెడుతున్నాడు. ఆ ఇంటికి ముందు గది దుకాణం, వెనక గది సంసారం, ఆ వెనక పెరడు. పెరడంటే ఎంతో లేదు. మంచాలు వాలిస్తే నాలుగు పడతాయి. అందులో ఒక మంచమంత మేర ఆయన భార్య వంగ మొక్కలు పెట్టింది.

పదకొండు మొక్కలు. ఆ వంగ కాయ పిడికిలంత ఉంటుంది, గుండ్రంగా, ఒంటి నిండా తెల్ల చారలతో. ఆవిడ తల్లి నుంచి వచ్చిన విత్తనం. ఏటా ఒక కాయను మొక్క మీదే పండనిచ్చి, గింజ తీసి, బూడిద కలిపి సీసాలో దాస్తుంది. కిందటేడు సీసా మూత సరిగా బిగించక లోపలికి చెమ్మ చేరింది. ఈ ఏడు గుప్పెడు గింజ చల్లితే పదకొండు మొలిచాయి. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. ఉన్న ఒక్క అక్క మూడో అంతస్తుకు ఇల్లు మారి మట్టి ముట్టుకోవడం మానేసింది.

"ఇవి కాయకపోతే మా అమ్మ వంకాయ ఇక భూమ్మీద ఉండదు" అని ఆవిడ రోజుకోసారి అంటుంది. మూత బిగించనిది ఎవరో మాత్రం అనదు. నలుగురి ఇళ్ల తాళాలూ బిగించే మనిషి కాబట్టి ఆయన కూడా ఆ సంగతి ఎత్తడు.

వీధి చివర ఈల వినబడింది.

"మీ బావగారు" అంది ఆవిడ.

వచ్చింది వియ్యంకుడే, అమ్మాయి మామగారు. ముప్పై ఏళ్లు బడిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి ఉద్యోగం విరమించాడు. డ్రిల్లు విరమించింది గాని గొంతు విరమించలేదు. మెడలో ఈల ఇంకా వేలాడుతూనే ఉంది. సైకిలు వెనక ఒక మట్టికుండీని తాళ్లతో అటు మూడు చుట్లు, ఇటు మూడు చుట్లు కట్టుకొచ్చాడు.

"బావగారూ! మన మొక్క. మీ కోసమే తెచ్చా!"

కుండీలో జానెడు మొక్క ఉంది. ఆకులు కత్తెరతో చీల్చినట్టున్నాయి. తల మీద నూక గింజలంత తెల్ల మొగ్గలు. తాళాలాయన భార్య నీళ్లగ్లాసు పట్టుకుని గుమ్మంలోకొచ్చి ఆ మొక్కను చూసింది. మాస్టారి వీపు వెనక నిలబడి మొగుడికి తల అడ్డంగా ఊపింది. ఆయన ఆవిడ వైపు చూడలేదు. వియ్యంకుడు చేతులు చాచి ఇస్తుంటే పెళ్లాం మొహం చూడడం మర్యాద కాదు.

"అబ్బే, ఎందుకండీ మీకీ శ్రమ" అని రెండు చేతులా అందుకున్నాడు.

"శ్రమేముంది? మన మొక్కేగా!" అని మాస్టారు నీళ్లు తాగి, కుండీని గోడకు సమంగా జరిపి, ఒక అడుగు వెనక్కు వేసి చూసి వెళ్లిపోయాడు.

"అదేంటో తెలుసా మీకు?" అంది ఆవిడ.

"మొక్క."

"వయ్యారిభామ."

"పేరు బాగుందే."

"పేరొక్కటే బాగుంటుంది. రోడ్ల పక్కన పెరిగే పిచ్చిమొక్క. మేకలు కూడా మూతి పెట్టవు. ఒంటికి తగిలితే దురద, గాలికి తగిలితే తుమ్ములు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. పూత విప్పకముందే వేళ్లతో సహా పీకెయ్యాలి. పీకండి."

"వియ్యంకుడు ఇచ్చిందే!"

"ఇస్తే? రేపు తేలునిస్తే జేబులో వేసుకుంటారా?"

తాళాలాయన కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించేటప్పుడు చేతిలో తాళంచెవి తిప్పుతాడు. మూడు చుట్లు తిప్పాక అన్నాడు: "అమ్మాయి అక్కడుంది."

ఆవిడ ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఆ మాటకు ఎదురు చెప్పే ఆడపిల్ల తల్లి ఉండదు.

"సరే. ఈ వయసులో ఇంటికి వయ్యారిభామను తెచ్చిపెట్టుకున్నారు. వీధిలో నలుగురికీ చెప్పుకోండి" అని లోపలికి వెళ్లింది.

మరుసటి ఆదివారం మాస్టారు కొలత టేపుతో వచ్చాడు. మొక్కను కింది నుంచి మీదికి కొలిచి, "శెభాష్! వారంలో నాలుగు వేళ్లు పెరిగింది!" అని ఆకులు ఎత్తి కింద తొంగి చూశాడు.

"కాయ పడిందా బావగారూ?"

వంగ మొక్కల గురించి అడుగుతున్నాడనుకుని తాళాలాయన, "ఇంకా లేదండీ, ఇప్పుడే మొగ్గ" అన్నాడు.

"పడుతుంది, పడుతుంది. తొందరపెట్టకూడదు. మీ చెయ్యి మంచిది, ఇంకో మూడు తెస్తా."

అన్నమాట తప్పే మనిషైతే బాగుండేది. నెల తిరిగేసరికి పెరటి గోడ వెంట ఏడు కుండీలయ్యాయి. మాస్టారు వాటిని ఎత్తు వరసలో నిలబెట్టాడు. పొట్టివి ముందు, పొడుగువి వెనక. ఏడో దాన్ని నిలబెట్టాక అలవాటు కొద్దీ ఈల కూడా ఊదాడు.

తాళాలాయనకు తుమ్ములు మొదలయ్యాయి. ఆయన పని చెవితో చేసే పని. తాళంచెవి పోయిన బీరువాను తెరవాలంటే తాళం లోపలి మేకు ఒక్కొక్కటీ ఎక్కడ కూర్చుంటుందో ఊపిరి బిగబట్టి వినాలి. సరిగ్గా ఆఖరి మేకు కూర్చునే వేళకు తుమ్ము వచ్చేది. చెయ్యి జారి పని మళ్లీ మొదటికి. ఒక ఇంట్లో తొమ్మిదిసార్లు మొదటికొచ్చేసరికి, ఆ ఇంటావిడ, "ఎందుకులే నాయనా, అందులో చీరలేగా. నువ్వు ఇంటికెళ్లి పడుకో" అని పంపేసింది. మోచేతుల మీద దద్దుర్లు లేచాయి. గోకితే సుఖం, మానితే మంట.

"మీ బావగారి ప్రేమ పైకి తేలుతోంది" అంది భార్య, చేతులకు నూనె రాస్తూ.

దాన్ని పీకకూడదు గాని, అదే చస్తే ఎవరి తప్పూ కాదు కదా అని ఆయనకు ఒక ఉపాయం తోచింది. ఏడు కుండీలకూ నీళ్లు మానేశాడు. వాటితోపాటు నీళ్లు అందక పక్కనున్న గులాబీ పన్నెండు రోజులకు తల వేలాడేసింది. వయ్యారిభామ మాత్రం పైకి చూస్తూ ఇంకో కొమ్మ వేసింది. బట్టలు ఉతికిన సబ్బునీళ్లు పోశాడు. ఒళ్లు కడుక్కున్నట్టు నిగనిగలాడింది. ఎండలోకి జరిపితే ఎండలో పెరిగింది, నీడలోకి జరిపితే నీడలో పెరిగింది.

"పోనీ పూత విప్పకుండా చూస్తే?" అనుకున్నాడు. పూత లేకపోతే గింజ లేదు, గింజ లేకపోతే పెళ్లాం గోల లేదు. రోజూ తెల్లారగానే సన్నపని చేసే పట్టకారు తీసుకుని, కంటికి భూతద్దం బిగించుకుని, పీట మీద కూర్చుని ఏడు మొక్కల మొగ్గలూ ఒక్కొక్కటే గిల్లడం మొదలుపెట్టాడు. గడియారంలో చక్రాలు తీసేవాడు కూడా అంత నెమ్మదిగా తియ్యడు. గిల్లిన చోటల్లా రెండేసి మొగ్గలొచ్చాయి. వారం తిరిగేసరికి ఏడూ తెల్ల గొడుగులు పట్టుకుని నిలబడ్డాయి.

"ఏం పెంపకమండీ! ఏం వేస్తున్నారేంటి దీనికి?" అని మాస్టారు ముచ్చటపడి ముక్కు తుడుచుకున్నాడు.

"ప్రాణం" అంది లోపల్నుంచి తాళాలాయన భార్య.

అసలు ముప్పు ఆ తర్వాత వచ్చింది. ఒక పొద్దున ఆవిడ వంగ మొక్కల దగ్గర వంగి చాలాసేపు లేవలేదు. మొగుణ్ణి పిలవలేదు, తిట్టలేదు. అది చూసి ఆయనకు భయం వేసి తనే వెళ్లాడు.

లేత కొమ్మల కణుపుల దగ్గర పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. ముట్టుకుంటే జిగురు. ఆకులు ముడుచుకుపోతున్నాయి.

"పిండినల్లి" అంది ఆవిడ. "ఆ చీమలెక్కడికి పోతున్నాయో చూడండి."

చీమల బారు వంగ మొదలు నుంచి గోడ వెంట సాగి, మూడో కుండీ ఎక్కి వయ్యారిభామ కొమ్మల్లోకి పోతోంది. ఆ కొమ్మల సందుల్లో పిండి దట్టంగా పట్టి ఉంది. నల్లి కార్చే తీపి జిగురు కోసం చీమలు దాన్ని బిడ్డలా మోసి, కొత్త కొమ్మ కనబడ్డ చోటల్లా దింపుతాయి. అక్కడ మేత తగ్గితే ఇక్కడికి తెచ్చాయి.

"చూశారా? మీ వియ్యంకుడి మొక్క మీద పుట్టి, మా అమ్మ మొక్కకు కాపురానికొచ్చింది."

ఆ పూట నుంచి ఇద్దరూ వంగమడిలోనే ఉన్నారు. నల్లి దట్టంగా పట్టిన కొమ్మలను ఆవిడ కత్తిరించి సబ్బునీళ్ల బొక్కెనలో ముంచేసింది. మిగిలిన వాటి మీద వేపనూనె కలిపిన నీళ్లు పిచికారీ చేసింది. తాళాలాయన తాళాలు విప్పే సన్న ఊచకు దూది చుట్టి, స్పిరిట్లో ముంచి, కణుపు కణుపూ తుడిచాడు. ఆ పని ఆయన చేతికి తెలిసిన పనే. తాళం సందైనా కణుపు సందైనా ఊచకు ఒకటే. అలా తుడుస్తూ తుడుస్తూ బాగా బలిసిన ఒక తెల్లపురుగు మీద ఊచ పెట్టబోతే ఆవిడ చేతి మీద ఒక్కటిచ్చింది.

"దాన్ని చంపకండి! అది అక్షింతల పురుగు పిల్ల. నల్లిని తిని బతుకుతుంది."

"ఇదీ తెల్లగానే ఉందిగా? నల్లిలాగే ఉంది."

"ఉంటుంది. అలా ఉంటేనే దాని పని సాగుతుంది. చూడండి, పరిగెడుతోంది. పరిగెత్తేది మనది, పడి తినేది పరాయిది."

తాళాలాయన ఆ మాట మనసులో పెట్టుకుని, ఆ రోజంతా ప్రతి పురుగునూ ముందు ఊచతో కదిపి, అది పరిగెత్తుతుందో లేదో చూసి గాని తుడవలేదు. అందువల్ల పని సగమే అయింది.

ఎంత చేసినా ఆరు మొక్కలు పోయాయి. ఐదు మిగిలాయి. వాటిలో గోడవైపు మొక్కకు ఉసిరికాయంత పిందె పడింది, మొదటిది, ఒక్కటే. ఆవిడ దాన్ని వేలితో ముట్టకుండా చుట్టూ గాలిలో చెయ్యి తిప్పింది. గింజకు వదిలెయ్యాల్సిన కాయ అదే.

"ఇక నావల్ల కాదు. మీ గిల్లుడు తప్పించుకున్న గింజలు రాలి మడి నిండా వయ్యారిభామ మొలకలు లేచాయి. రేపు అన్నయ్యగారు వస్తారుగా. మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"నేనే చెప్తా."

"ఏమని?"

తాళాలాయన తాళంచెవి తిప్పాడు. అది ఆరు చుట్లు తిరిగింది.

మర్నాడు తెల్లవారుజామునే వాన కురిసి వెలిసింది. మాస్టారు ఈసారి సైకిలు మీద రాలేదు. తోపుడుబండి మీద వచ్చాడు, నాలుగు కుండీలతో. వెనక ఆయన కోడలు, వీళ్ల అమ్మాయి, నడిచి వస్తోంది. మాస్టారి కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మెడంతా గోళ్ల గీతలు.

"బావగారూ! ఇవే ఆఖరివి. మా ఇంట్లో ఇంకొక్కటి కూడా లేదు. మొత్తం..." ఆ తర్వాతి మాట తుమ్ముల్లో కొట్టుకుపోయింది. లోపలి నుంచి తాళాలాయన కూడా తుమ్మాడు. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు, నువ్వు ముందంటే నువ్వు ముందన్నట్టు, కాసేపు మర్యాదలు జరుపుకున్నారు.

ఆవిడ ఆగలేకపోయింది. "అన్నయ్యగారూ, తప్పుగా అనుకోకండి. అసలీ మొక్క మీకెక్కడ దొరికింది?"

మాస్టారు ఆశ్చర్యపోయాడు. "అదేంటమ్మా అలా అడుగుతావు? మీరిచ్చిందేగా!"

"మేమా?"

"పెళ్లయిన కొత్తలో బావగారు చేతులారా తెచ్చిచ్చారు. జామ మొక్క."

పెరట్లో ఎవరూ కదల్లేదు. తోపుడుబండి ఒక్కటే కొంచెం వెనక్కు దొర్లింది.

"ఇది జామా మావయ్యగారూ?" అంది అమ్మాయి.

"నాకేం తెలుసమ్మా? నాకు తెలిసిన చెట్టు జెండాకర్ర ఒక్కటే. మీ నాన్నగారు జామన్నారు, నేను జామనుకున్నా. మొదట్లో ఆకులు వెడల్పుగానే ఉండేవి. పూటకు రెండు బిందెల చొప్పున నీళ్లు పోశా. ఆకులన్నీ రాలిపోయి, మళ్లీ చిగిర్చేసరికి సన్నాకులొచ్చాయి. కొత్తింటికొచ్చాక మారిందనుకున్నా. ఎవరు మారరు?"

"నేనేం మారాను?"

"నిన్ననలేదమ్మా! మొక్కనన్నా. ఏడాదిన్నరగా కాయ కోసం చూస్తున్నా. పూత పూస్తోంది, కాయ లేదు. ఇల్లంతా తుమ్ములు. వియ్యంకుడిచ్చిన మొక్కను పీకితే ఏం బాగుంటుంది? నా చేతిలో లేదేమో, మీ చేతిలోనైనా కాస్తుందని పిల్లమొక్కలన్నీ ఒక్కొక్కటే మీకు చేరవేశా."

"మీకు నచ్చి పెంచుతున్నారని నేనూ నోరు మూసుకున్నా" అంది అమ్మాయి. "రోజూ రెండు మాత్రలు మింగి ఆఫీసుకెళ్తున్నా."

తాళాలాయన భార్య మొగుడి వైపు తిరిగింది. "ఆ జామకు కుండీ నింపింది మీరేగా. మట్టి ఎక్కడిది?"

"రోడ్డు పక్కది" అన్నాడాయన, నేల చూస్తూ. "మెత్తగా ఉందని..."

"జల్లెడ పట్టమన్నానా?"

"అన్నావు."

"పట్టారా?"

తాళంచెవి తిరిగింది.

ముందు నవ్వింది అమ్మాయి. తర్వాత మాస్టారు. ఆయన నవ్వు తుమ్ముగా మారి, తుమ్ము మళ్లీ నవ్వుగా మారి, ఊపిరాడక ఈల అందుకుని ఊదాడు.

"అయితే ఇక పీకెయ్యొచ్చా బావగారూ?"

"పీకెయ్యండి బావగారూ!"

ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. పెళ్లిలో అప్పగింతలప్పుడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

పని మొదలైంది. ఆవిడ అందరి ముక్కులకూ గుడ్డలు కట్టించింది, చేతులకు పాత మేజోళ్లు తొడిగింది. "మొదలు దగ్గర పట్టుకోండి, తల పట్టుకుని లాగితే తెగి వేరు లోపలే ఉంటుంది. నేల తడిగా ఉంది కాబట్టి నెమ్మదిగా లాగితే మొత్తం వస్తుంది. పూతున్న వాటిని విదిలించకండి. తిన్నగా గోతాంలో పెట్టి మూతి కట్టండి. ఎరువుగుంటలో మాత్రం వెయ్యొద్దు, మళ్లీ లేస్తాయి" అని చెప్పింది. కుండీల్లోవి పావుగంటలో అయిపోయాయి. మిగిలింది వంగమడిలో మొలకలు.

అక్కడ మాస్టారు అధికారం తీసుకున్నాడు. ముగ్గురినీ మడికి మూడు వైపులా నిలబెట్టి, తను నాలుగో వైపు నిలబడి, "వంగు! పట్టు! లాగు!" అని ఈల ఊదాడు. ఈలకొక మొక్క. "వంగు! పట్టు! లాగు!" పక్క మేడ మీద బట్టలారేసే ఆవిడ బట్టలు ఆరెయ్యడం మాని చూస్తోంది. తాళాలాయన ఈలకు ఎప్పుడూ ఒక లాగు వెనకే ఉన్నాడు. లాగబోయే ప్రతిదీ పరిగెడుతుందేమోనని ముందు చూస్తున్నాడు.

"బావగారూ, వరస తప్పుతున్నారు!"

"వస్తున్నా బావగారూ!"

మాస్టారికి కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఉత్సాహం మాత్రం ఈలకు ఈలకూ పెరుగుతోంది. గోడ దాకా వచ్చాడు. అక్కడ నల్లి పట్టిన ఆకులన్నీ ఆవిడ కత్తిరించెయ్యగా మోడులా నిలబడ్డ మొక్క ఒకటుంది. వంగాడు. పట్టాడు. ఈల ఊది లాగాడు.

చేతిలోకి వచ్చిన మొక్కకు ఉసిరికాయంత పిందె వేలాడుతోంది. దాని మీద తెల్ల చారలు.

ఈల ఆయన నోట్లోంచి జారి గుండెల మీద పడింది. "చెల్లెమ్మా..." అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా రాగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆవిడ మొక్కను రెండు చేతులా అందుకుంది. తడినేల కావడంతో వేళ్లకు మట్టిముద్ద అలాగే ఉంది. ఉన్న నాలుగాకుల్లో రెండు గిల్లేసింది. పిందెను గిల్లబోయి, చెయ్యి వెనక్కు తీసుకుంది. గుంట తవ్వి, మొక్కను దించి, చుట్టూ మట్టి అదిమి, చెంబుతో నీళ్లు పోసింది.

"బతుకుతుందా?" అన్నాడు తాళాలాయన.

"ఇవాళ ఎండ తగలకపోతే బతుకుతుంది. కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతా."

లోపల ఉక్కగా ఉందని పెరట్లోనే చాప పరిచారు. అన్నం, ఉడికించిన గుడ్లు, ఉప్పు చల్లిన దోసకాయ ముక్కలు. అప్పటికి మబ్బు చెదిరి, పొద్దు మేడల మీది నుంచి ఏటవాలుగా మడి మీద పడుతోంది. కంచాలు పెట్టాక మాస్టారు తన కంచం తీసుకుని చాప మీది నుంచి లేచాడు. మడి గట్టున, ఎండకు వీపు పెట్టి తడినేల మీదే కూర్చున్నాడు. వెడల్పాటి మనిషి. ఆయన నీడ ఆ మొక్క మీద పూర్తిగా పడింది.

 మాస్టారు ఒక్కో మెతుకూ ఏరుకుంటున్నట్టు తిన్నాడు. ఎండ జరిగినప్పుడల్లా తనూ కొంచెం జరిగాడు. అది చూసి తాళాలాయన కూడా ముద్ద చిన్నది చేశాడు, అమ్మాయి గుడ్డును పదహారు ముక్కలు చేసింది. మాస్టారి కంచం ఖాళీ కావొస్తుంటే తాళాలాయన భార్య గిన్నె తీసుకుని వెళ్లింది. ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆవిడ ఇంకో రెండు గరిటెల అన్నం వడ్డించింది.